200 ఫైళ్ళలో ఒక లైన్ పెట్టాలా? ఏఐకి ఫైళ్ళు ఇవ్వకండి, స్క్రిప్ట్ రాయించుకోండి

ఈ సైట్ చదివేవాళ్ళలో చాలామంది ఫోన్లలో టెర్మక్స్ ఉంటుంది. కొందరు కస్టమ్ రోమ్‌లు బిల్డ్ చేస్తారు, కొందరు మాజిస్క్ మాడ్యూల్స్ రాస్తారు, ఇంకొందరు టెలిగ్రామ్ బాట్లు నడుపుతుంటారు. వీళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పని ఒకటుంది. ఫోల్డర్‌లో పదుల కొద్దీ స్క్రిప్ట్ ఫైళ్ళు ఉంటాయి, అన్నిట్లోనూ ఒకే లైన్ చేర్చాలి. అది కాపీరైట్ లైన్ కావచ్చు, ఎర్రర్ వస్తే ఆగిపొమ్మని చెప్పే సెట్టింగ్ కావచ్చు, కొత్త పాత్ కావచ్చు.

ఇంతకు ముందు దీనికి రెండే దారులు. ఓపిక ఉన్నవాళ్ళు ఒక్కో ఫైల్ తెరిచి పేస్ట్ చేసుకుంటూ పోయేవాళ్ళు. కమాండ్ లైన్ తెలిసినవాళ్ళు సెడ్‌తో ఒక్క దెబ్బకి కానిచ్చేవాళ్ళు. ఇప్పుడు మూడో దారి వచ్చింది: ఫోల్డర్ మొత్తం ఏఐ ఏజెంట్‌కి చూపించి "అన్ని ఫైళ్ళలో పైన ఈ లైన్ పెట్టు" అనడం. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళలో ఎక్కువమంది ఈ దారే పడుతున్నారు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఏఐని వాడండి, కానీ ఫైళ్ళు మార్చమని అడగకండి. ఫైళ్ళు మార్చే స్క్రిప్ట్ రాయమని అడగండి. ఆ పది లైన్లు మీరు చదవండి, అర్థమయ్యాక మీరే రన్ చేయండి. పైకి చూస్తే ఈ రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. 200 ఫైళ్ళ మీద మీ పేరుతో కమిట్ పడ్డాక, ఎవరైనా వచ్చి "ఇది ఎందుకిలా అయింది?" అని అడిగినప్పుడు తెలుస్తుంది ఆ తేడా.

ఒక కామెంట్ లైన్ చేసిన పని

నేను దగ్గర నుంచి చూసిన ఒక ప్రాజెక్ట్‌లో 180కి పైగా షెల్ స్క్రిప్టులు ఉండేవి. బ్యాకప్, రిపోర్టులు, పాత లాగ్‌ల తొలగింపు లాంటి పనులకి క్రాన్ రాత్రిపూట వాటిని నడిపేది. ప్రతి సోర్స్ ఫైల్‌లోనూ కాపీరైట్ లైన్ ఉండాలని లీగల్ వాళ్ళ నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఆ పని తీసుకున్న బయటి టీమ్ ఒక టూల్‌తో అన్ని ఫైళ్ళలోనూ అన్నిటికంటే పైన ఒక కామెంట్ లైన్ పెట్టేసింది. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. టెర్మినల్‌లో రెండు మూడు స్క్రిప్టులు రన్ చేసి చూశారు, బాగానే నడిచాయి. రివ్యూలో "కామెంటే కదా" అని అప్రూవ్ అయిపోయింది.

రెండు వారాలకి సర్వర్ డిస్క్ నిండిపోయింది. పాత లాగ్‌లు తొలగించే స్క్రిప్ట్ రోజూ నడుస్తూనే ఉంది, కానీ ఏమీ తొలగించడం లేదు.

కారణం ఏంటంటే, షెల్ స్క్రిప్ట్ మొదటి లైన్‌లో #! అనే రెండు గుర్తులు, వాటి పక్కన బాష్ ఎక్కడుందో చెప్పే పాత్ ఉంటాయి. దీన్నే షబాంగ్ అంటారు. స్క్రిప్ట్‌ని రన్ చేయమన్నప్పుడు లైనక్స్ కెర్నల్ ఫైల్‌లో మొట్టమొదటి రెండు బైట్లు చూస్తుంది. అవి #! అయితే పక్కనున్న ప్రోగ్రామ్‌కి ఆ ఫైల్‌ని అప్పగిస్తుంది. పైన కాపీరైట్ లైన్ వచ్చి చేరేసరికి షబాంగ్ రెండో లైన్‌కి జారింది. రెండో లైన్‌లో ఉన్న షబాంగ్‌కి ఏ విలువా లేదు, అదీ ఒక మామూలు కామెంటే.

మరి టెర్మినల్‌లో ఎలా నడిచింది? ఈ ఫార్మాట్ తెలియదని కెర్నల్ తిప్పి పంపినప్పుడు, పిలిచిన షెల్ ఆ ఫైల్‌ని తన సొంత స్క్రిప్ట్ అనుకుని తానే నడిపిస్తుంది. టెర్మినల్‌లో ఉన్నది బాష్ కాబట్టి బాష్ నడిపింది. క్రాన్ మాత్రం ఎస్‌హెచ్‌ని పిలుస్తుంది. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డ్యాష్ అనే చిన్న షెల్. 2006లో వచ్చిన 6.10 వెర్షన్ నుంచీ అంతే. బాష్‌లో ఉండే [[ కండిషన్ డ్యాష్‌కి తెలీదు, అలాంటి కమాండ్ లేదంటుంది. అక్కడితో ఆగిపోయినా బాగుండేది. ఇఫ్ పక్కన పెట్టిన కమాండ్ దొరక్కపోతే షెల్ దాన్ని "కండిషన్ తప్పు" కింద లెక్కేసుకుని ఎల్స్ దారిలో ముందుకు పోతుంది. "లాగ్ పాతదైతే తీసెయ్, కాకపోతే వదిలెయ్" అని రాసిన చోట ప్రతి లాగ్‌నీ వదిలేసింది. ఎర్రర్ మెసేజ్ క్రాన్ పంపే లోకల్ మెయిల్‌లో పడింది. ఆ మెయిల్ బాక్స్ తెరిచేవాళ్ళే లేరు.

లైన్ పెట్టిన టూల్ చెప్పింది చెప్పినట్టే చేసింది. పెట్టాల్సిన చోటు ఏదో తేల్చుకునే పని మాత్రం ఎవరూ చేయలేదు.

మొదటి లైన్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు

ఇది ఒక్క షెల్ సమస్యే అనుకోకండి. పైథాన్‌లో ఫైల్ ఎన్‌కోడింగ్ చెప్పే కామెంట్ మొదటి రెండు లైన్లలోనే ఉండాలి, మూడో లైన్‌కి జారితే పైథాన్ దాన్ని పట్టించుకోదు. ఫైల్ పైన ఉన్న డాక్‌స్ట్రింగ్ మీద ఒక ఇంపోర్ట్ పెట్టారనుకోండి, ఆ డాక్‌స్ట్రింగ్ ఇక డాక్‌స్ట్రింగ్ కాదు, ఎవరికీ పనికిరాని ఉత్త స్ట్రింగ్. పీహెచ్‌పీలో స్ట్రిక్ట్ టైప్స్ డిక్లరేషన్ మొదటి స్టేట్‌మెంట్ కాకపోతే ఫేటల్ ఎర్రర్ వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో "యూజ్ స్ట్రిక్ట్" పైన ఏదైనా స్టేట్‌మెంట్ పెడితే ఎర్రర్ కూడా రాదు, ఆ ఫైల్‌కి స్ట్రిక్ట్ మోడ్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ఎర్రర్ వచ్చే భాష నయం, కనీసం అదే రోజు దొరికిపోతాం.

పైన ఎందుకు, చివర్లో పెడదాం అంటారా? చాలా ఫైళ్ళలో చివరి లైన్ తర్వాత న్యూలైన్ ఉండదు. అలాంటి ఫైల్‌కి >> తో లైన్ చేరిస్తే అది వెళ్ళి చివరి లైన్‌కి అతుక్కుపోతుంది. రెండు కమాండ్‌లు కలిసి అర్థం లేని ఒకే కమాండ్ తయారవుతుంది. అందులోనూ స్క్రిప్ట్ మధ్యలోనే ఎగ్జిట్ అయిపోతుంటే, చివర్లో పెట్టిన లైన్ ఎప్పటికీ రన్ కాదు.

ఇక విండోస్‌లో సేవ్ చేసిన ఫైళ్ళు వేరే కథ. అక్కడ ప్రతి లైన్ చివరా కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ అక్షరం ఒకటి అదనంగా ఉంటుంది. అది షబాంగ్ లైన్‌లో ఉంటే లైనక్స్ బాష్ కోసం కాకుండా, చివర ఆ అక్షరం తగిలించుకున్న ఇంకేదో ప్రోగ్రామ్ కోసం వెతికి లేదంటుంది. మనం షబాంగ్ లైన్‌ని అక్షరం అక్షరం పోల్చి "ఇది ఉంటే దాని కింద పెట్టు" అని రాస్తే, ఇలాంటి ఫైళ్ళన్నీ పోలిక కుదరక తప్పించుకుపోతాయి.

మీ ఫోన్ లోపలే ఉన్న ఉదాహరణ

ఇదే పని, అంటే లైసెన్స్ లైన్ చేర్చే పని, పద్ధతిగా చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే లైనక్స్ కెర్నల్ చరిత్రలో 2017 నవంబర్‌కి వెళ్ళాలి. అప్పటికి కెర్నల్‌లో వేల ఫైళ్ళకి ఏ లైసెన్స్ నోట్ లేదు. ఉన్నవాటిలో ఒక్కోదాంట్లో ఒక్కో రకం పేరా. దీన్ని సరిచేయడానికి ప్రతి ఫైల్‌లోనూ ఎస్‌పీడీఎక్స్ ఐడెంటిఫైయర్ అనే ఒక్క లైన్ చేర్చాలని నిర్ణయించారు. 4.14 వెర్షన్‌లో పది వేలకు పైగా ఫైళ్ళకి ఆ లైన్ ఒకేసారి చేరింది.

కమిట్ మెసేజ్‌లో పని ఎలా జరిగిందో వివరంగా రాసి ఉంది. ముందు 4.13 కెర్నల్‌లోని 60,537 ఫైళ్ళని పరిశీలించారు. రెండు వేర్వేరు స్కానర్ల ఫలితాలు పక్కపక్కన పెట్టి ఫిలిప్ ఓంబ్రెడాన్ స్ప్రెడ్‌షీట్ తయారు చేశారు. కేట్ స్టూవర్ట్ ఆ ఫలితాలను ఫైల్ తర్వాత ఫైల్ పోల్చి చూశారు, తేలనివి లాయర్లను అడిగి తేల్చుకున్నారు. ఏ ఫైల్‌కి ఏ లైన్ అన్నది మనుషులు తేల్చాకే థామస్ గ్లైక్స్‌నర్ ఆ లిస్ట్ చదివి లైన్ పెట్టే స్క్రిప్ట్ రాశారు. వచ్చిన అవుట్‌పుట్ చూసుకుంటూ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ దాన్ని మళ్ళీ మెరుగుపరిచారు. సీ సోర్స్ ఫైల్‌కి ఒక రకం కామెంట్, హెడర్ ఫైల్‌కి ఇంకో రకం కావాలి కాబట్టి, ఆ తేడా స్క్రిప్టే గుర్తుపట్టేలా చేశారు.

కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో ఈ లైన్ గురించి ఉన్న రూల్ చూడండి. కామెంట్ పెట్టడానికి వీలైన మొదటి లైన్‌లో ఇది ఉండాలి. షబాంగ్ ఉన్న స్క్రిప్టుల్లో మాత్రం రెండో లైన్‌లో ఉండాలి. పైన చెప్పిన ప్రాజెక్ట్‌లో డిస్క్ నింపిన సమస్యకి ఇక్కడ ఒక్క వాక్యంలో జవాబు ఉంది.

ఇది ఎక్కడిదో దూరపు ముచ్చట కాదు. రెడ్‌మీ నోట్ 9 ప్రో లాంటి స్నాప్‌డ్రాగన్ 720జీ ఫోన్లు 4.14 కెర్నల్ మీదే వచ్చాయి. ఆ తర్వాతి కెర్నల్ ఉన్న ఫోన్లన్నిటికీ ఇదే చరిత్ర. మీ డివైజ్ కెర్నల్ సోర్స్ డౌన్‌లోడ్ చేసి ఏ ఫైల్ తెరిచినా చాలావరకు పైన కనిపించేది ఆ లైనే. ఏదైనా కొత్త ఫైల్‌లో అది పెట్టకపోతే, ప్యాచ్‌లని పరీక్షించే చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్ట్ వార్నింగ్ ఇస్తుంది. ఒకసారి పెట్టి వదిలేయకుండా, ఇకముందు కూడా తప్పకుండా చూసే ఏర్పాటు అది.

ఏజెంట్‌కి ఫైళ్ళు ఎందుకు ఇవ్వకూడదంటే

ఏఐ మీద నాకు కోపమేమీ లేదు, నేనూ రోజూ వాడతాను. కానీ ఈ పనికి దాన్ని వాడే తీరులో మూడు ఇబ్బందులు కనిపిస్తున్నాయి.

మొదటిది, ఒక్కో ఫైల్ తెరిచి ఎడిట్ చేసే ఏజెంట్ ఒక్కో ఫైల్ దగ్గరా కొత్తగా నిర్ణయం తీసుకుంటుంది. 40వ ఫైల్‌లో షబాంగ్ కింద పెట్టిన లైన్‌ని 140వ ఫైల్‌లో కూడా అక్కడే పెడుతుందని గ్యారంటీ లేదు. స్క్రిప్ట్‌కి ఆ సమస్య ఉండదు. తప్పు చేస్తే అన్ని ఫైళ్ళలోనూ ఒకే రకం తప్పు చేస్తుంది. ఒకే రకం తప్పుని కనిపెట్టడం తేలిక, సరిచేయడం ఇంకా తేలిక.

రెండోది, ఏజెంట్‌కి మంచితనం ఎక్కువ. లైన్ పెట్టమని పంపిస్తే, దారిలో కనిపించిన కోట్స్ సరిచేస్తుంది, "వాడని వేరియబుల్" అని ఒకటి తీసేస్తుంది, స్పేస్‌లు సర్దుతుంది. మా టీమ్‌లో ఒక రివ్యూలో ఇలాంటిదే చూశాను. లైన్ చేర్చడానికి పెట్టిన కమిట్‌లో ఆరు ఫైళ్ళలో అడగని మార్పులు ఉన్నాయి. వాటిలో నాలుగు నిజంగానే మంచివి. అయినా ఒక్క లైన్ కోసం పెట్టిన కమిట్‌లో అవి ఉండకూడదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. రివ్యూ చేసేవాళ్ళు కూడా మనుషులే. 200 ఫైళ్ళ డిఫ్ ఎవరూ చదవరు. పది ఫైళ్ళు చూస్తారు, స్క్రోల్ చేస్తారు, అప్రూవ్ నొక్కుతారు. పది లైన్ల స్క్రిప్ట్ ఇస్తే మాత్రం చదువుతారు. "మొదటి లైన్ షబాంగ్ అయితే ఏం చేస్తున్నావ్? ఖాళీ ఫైల్ అయితే?" అని అడుగుతారు. వచ్చే నెల ఇంకో 20 ఫైళ్ళు వస్తే అదే స్క్రిప్ట్ మళ్ళీ పనికొస్తుంది. ఏజెంట్‌తో జరిపిన చాట్ ఎవరికీ పనికిరాదు.

దీనికి ఎదురు మాట కూడా ఉంది. ఈ మధ్య ఏజెంట్లు పెద్ద పని ఇస్తే వాటంతట అవే చిన్న స్క్రిప్ట్ రాసుకుని నడుపుతున్నాయి కదా అంటారు. నిజమే, మంచిదే. అలాంటప్పుడు ఆ స్క్రిప్ట్‌ని పారేయకుండా ఫైల్‌గా ఇమ్మనండి, రన్ చేసే ముందు ఆగమనండి. ఇంకొకటి, ప్రతి ఫైల్‌లోనూ లైన్ వేరుగా ఉండాల్సిన సందర్భాలు ఉంటాయి. ఫంక్షన్ ఏం చేస్తుందో చదివి దానికి తగ్గ లాగ్ మెసేజ్ రాయడం లాంటివి. అక్కడ సెడ్ చేతులెత్తేస్తుంది, ఏఐ బాగా పనికొస్తుంది. అప్పుడు కూడా 200 ఒకేసారి కాకుండా, మనిషి నిజంగా చదవగలిగినన్ని ఫైళ్ళ చొప్పున చేయించండి.

నేను పాటించే వరస

కమాండ్‌లని అక్షరం అక్షరం ఇక్కడ ఇవ్వడం లేదు. అర్థం కాకుండా కాపీ పేస్ట్ చేయవద్దని చెప్పే వ్యాసంలో కాపీ పేస్ట్ కమాండ్‌లు ఇవ్వడం బాగుండదు. ఈ వరస తెలిస్తే కమాండ్‌లు మాన్యువల్‌లోనో, ఏఐని అడిగో తెలుసుకోవచ్చు.

ముందు లిస్ట్. ఏ ఫైళ్ళు మారాలో ఆ పేర్లు ఒక ఫైల్‌లోకి తీసుకుంటాను. గిట్ ట్రాక్ చేసే ఫైళ్ళనే తీసుకోవాలి. ఫోల్డర్‌లో ఉన్న ప్రతిదాని మీదా ఫైండ్ నడిపితే గిట్ తన సమాచారం దాచుకునే ఫోల్డర్ కూడా అందులోకి వచ్చి రెపో పాడైపోతుంది. ఆ లైన్ ఇప్పటికే ఉన్న ఫైళ్ళని వదిలేయాలి. ఇచ్చిన మాట లేని ఫైళ్ళ పేర్లు మాత్రమే చూపించే ఆప్షన్ గ్రెప్‌లో ఉంది, క్యాపిటల్ ఎల్. పేర్లలో స్పేస్‌లు, బ్రాకెట్‌లు ఉన్న ఫైళ్ళు, అంటే రెండుసార్లు డౌన్‌లోడ్ అయి పక్కన 1 అని తగిలించుకున్నవి, ఉన్నాయేమో లిస్ట్‌లోనే చూసుకోవాలి.

తర్వాత టెస్ట్. ఇక్కడ సెడ్‌తో ఒక తిరకాసు ఉంది. ఫైల్‌లోనే మార్చమనే ఆప్షన్ లేకుండా, కేవలం స్క్రీన్ మీద చూద్దామని నాలుగు ఫైళ్ళు ఇస్తే, సెడ్ నాలుగింటినీ కలిపి ఒకే పొడుగాటి ఫైల్‌లా చూస్తుంది. దాని లెక్కలో "మొదటి లైన్" మొదటి ఫైల్‌లో మాత్రమే ఉంటుంది, మిగతా మూడింట్లో లైన్ కనిపించదు. అందుకే లిస్ట్‌లోంచి రకానికి ఒక ఫైల్ కాపీ తీసి, వాటి మీద నిజంగానే నడిపి చూస్తాను: షబాంగ్ ఉన్నది, లేనిది, విండోస్‌లో సేవ్ చేసింది, పూర్తిగా ఖాళీది. ఖాళీ ఫైల్‌కి మొదటి లైనే ఉండదు కాబట్టి సెడ్ అందులో ఏమీ పెట్టదు. అది మనకి సమ్మతమో కాదో ముందే తేల్చుకోవాలి.

మీ ల్యాప్‌టాప్ మ్యాక్ అయితే ఇంకో జాగ్రత్త. లైనక్స్‌లో ఉండేది గ్నూ సెడ్, మ్యాక్‌లో ఉండేది బీఎస్‌డీ సెడ్. ఫైల్‌లోనే మార్చమనే ఆప్షన్ పక్కన బ్యాకప్ ఫైల్ చివర తగిలించాల్సిన పేరు ఇవ్వాలని బీఎస్‌డీది పట్టుబడుతుంది. లైనక్స్ కోసం రాసిన కమాండ్ మ్యాక్‌లో నడిపాక, ఫైళ్ళ పేర్ల చివర మైనస్ ఇ తగిలించుకున్న కొత్త ఫైళ్ళు ఫోల్డర్ నిండా కనిపిస్తే కారణం అదే. సెడ్ సరిపోకపోతే పైథాన్‌లో పదిహేను లైన్లు రాసుకోవచ్చు, అన్ని సిస్టమ్స్‌లోనూ ఒకేలా నడుస్తుంది.

రన్ చేశాక లెక్క. గిట్ డిఫ్‌లో నమ్‌స్టాట్ అనే ఆప్షన్ ఉంది. ఒక్కో ఫైల్‌లో ఎన్ని లైన్లు చేరాయి, ఎన్ని పోయాయి అన్నది అంకెల్లో చూపిస్తుంది. మనం చేర్చింది ఒక్క లైన్ కాబట్టి ప్రతి ఫైల్ పక్కనా 1, 0 అని రావాలి. ఎక్కడైనా 2, 1 వస్తే అక్కడ ఇంకేదో మారింది. ఒక ఫైల్‌లో అన్ని లైన్లూ పోయి మళ్ళీ అన్నీ చేరినట్టు కనిపిస్తే లైన్ ఎండింగ్స్ మారిపోయాయి. 200 ఫైళ్ళ డిఫ్ చదవలేం కానీ, 200 వరసల్లో 1, 0 కానిది పట్టుకోవడం అర నిమిషం పని.

ఆ తర్వాత అదే స్క్రిప్ట్‌ని రెండోసారి నడుపుతాను. సరైన స్క్రిప్ట్ అయితే రెండోసారి ఏ ఫైల్‌నీ ముట్టుకోకూడదు. లైన్ రెండుసార్లు పడిందంటే నా స్క్రిప్ట్ ఇంకా పూర్తి కాలేదని అర్థం. చివరగా, ఆ ఫైళ్ళు నిజంగా ఎలా నడుస్తాయో అలాగే నడిపి చూడాలి. క్రాన్ నడిపేదైతే క్రాన్‌తోనే నడిపించాలి, టెర్మినల్‌లో చూసి సరిపెట్టుకోకూడదు. అంతా అయ్యాక స్క్రిప్ట్‌ని కూడా కమిట్‌లోనే పెడతాను.

ల్యాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు

ఇదంతా నేర్చుకోవడానికి పెద్ద మెషీన్ అవసరం లేదు. సెడ్ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ రాసిన టూల్. అప్పటి కంప్యూటర్లలో నడిచింది మీ ఫోన్‌లో నడవదా? ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ వేసుకుని గిట్ ఇన్‌స్టాల్ చేసుకుంటే, పైన చెప్పినవన్నీ ఫోన్‌లోనే చేయవచ్చు. 30 ఉత్తుత్తి స్క్రిప్టులు సృష్టించి, వాటి మీద ప్రయోగాలు చేసి, పాడైతే గిట్‌తో వెనక్కి తెచ్చుకోండి. బీటెక్ ల్యాబ్‌లో సిస్టమ్ ఖాళీ అయ్యేదాకా ఆగే పని లేదు.

టెర్మక్స్‌లోనే ఈ విషయానికి చక్కటి పాఠం ఒకటి ఉంది. ఆండ్రాయిడ్‌లో ఫైళ్ళ అమరిక పీసీ లైనక్స్‌లా ఉండదు. టెర్మక్స్ ప్రోగ్రామ్‌లన్నీ దాని సొంత యాప్ ఫోల్డర్ లోపల ఉంటాయి. అందుకని పీసీ కోసం రాసిన స్క్రిప్టుల షబాంగ్‌లో ఉన్న పాత్ ఇక్కడ దొరకదు. దీనికి టెర్మక్స్ ఫిక్స్ షబాంగ్ అనే కమాండ్ ఉంది. ఎన్ని ఫైళ్ళు ఇస్తే అన్నిటి మొదటి లైన్లూ టెర్మక్స్ పాత్‌కి మార్చేస్తుంది. లోపల చూస్తే అది సెడ్‌ని వాడే చిన్న స్క్రిప్టే. "మొదటి లైన్ మాత్రమే, అదీ #! తో మొదలైతేనే" అన్న రెండు షరతులు అందులో స్పష్టంగా ఉంటాయి. కొత్తవాళ్ళు చదివి నేర్చుకోదగిన కోడ్ అది.

అదే సమస్యకి టెర్మక్స్ వాళ్ళ దగ్గర ఇంకో పరిష్కారం కూడా ఉంది, టెర్మక్స్ ఎగ్జెక్. అది ఏ ఫైల్‌నీ మార్చదు. స్క్రిప్ట్ నడిచే క్షణంలో పాత పాత్‌ని పట్టుకుని సరైన పాత్‌కి మళ్ళిస్తుంది. 200 ఫైళ్ళు మార్చే బదులు ఒక్కచోట సరిచేయడం అన్నమాట.

ఆ లైన్ అన్నిట్లోనూ ఉండాలా?

స్క్రిప్ట్ రాసే ముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఇదే. లైసెన్స్ లైన్ అయితే అవును, ప్రతి ఫైల్‌లోనూ ఉండాలి, ఎందుకంటే ఫైల్ ఒక్కటే ఎక్కడికైనా కాపీ అయి పోవచ్చు. కానీ సర్వర్ అడ్రస్, పాత్, టోకెన్ పేరు లాంటివి 200 చోట్ల ఎందుకు? వాటిని ఒక కామన్ ఫైల్‌లో పెట్టి, ప్రతి స్క్రిప్ట్‌లోనూ దాన్ని పిలిచే లైన్ ఒక్కసారి చేరిస్తే చాలు. తర్వాత ఏది మారినా ఒక్క ఫైల్‌లోనే మార్చుకోవచ్చు.

ఇంకా జాగ్రత్త పడాల్సింది స్క్రిప్ట్ ప్రవర్తన మార్చే లైన్ల విషయంలో. "ప్రతి బాష్ స్క్రిప్ట్‌లోనూ సెట్ మైనస్ ఇ ఉండాలి" అని ప్రతి ట్యుటోరియల్‌లోనూ ఉంటుంది. ఏ కమాండ్ ఫెయిలైనా స్క్రిప్ట్ ఆగిపోవాలన్నది దాని అర్థం. కొత్త స్క్రిప్ట్‌కి మంచి సలహానే. ఏళ్ళ తరబడి నడుస్తున్న 200 స్క్రిప్టుల్లో ఒకేసారి పెడితే మాత్రం వేరే సంగతి. గ్రెప్‌కి వెతికిన మాట దొరక్కపోతే అది కూడా ఫెయిల్ కిందే లెక్క. "ఎర్రర్లు ఏవైనా ఉన్నాయా?" అని లాగ్‌లో వెతికే స్క్రిప్ట్, ఎర్రర్లు లేని మంచి రోజున అక్కడే ఆగిపోతుంది. సున్నా నుంచి మొదలైన కౌంటర్‌ని జంట బ్రాకెట్లలో ప్లస్ ప్లస్ చేసినా బాష్ లెక్కలో అది ఫెయిలే. అలాంటి లైన్‌ని కామెంట్‌లా చూడకూడదు. ఒక్కో స్క్రిప్ట్ చదివి, నడిపి చూసి, కొన్ని కొన్నిగా పెట్టుకుంటూ రావాలి. ఇక్కడ స్పీడ్ మనకి లాభం కాదు.

ఎవరి పని పోతుంది, ఎవరిది మిగులుతుంది

ఫ్రెషర్‌గా చేరినవాళ్ళకి మొదట ఇచ్చేది ఇలాంటి పనులే. ఇద్దరు మనుషులు, రెండు రోజులు, కాపీ పేస్ట్. ఆ పని ఏఐకి పోతుందని భయపడేవాళ్ళని చూస్తున్నాను. పేస్ట్ చేసే పని పోతుంది, పోనివ్వండి. అది యాభై ఏళ్ళ కింద సెడ్ వచ్చినప్పుడే పోవాల్సింది.

మిగిలే పని వేరు. ఏ ఫైళ్ళు, ఏ లైన్, ఎక్కడ, ఎందుకు అని తేల్చడం. 1, 0 రాని వరస దగ్గర ఆగి చూడడం. కెర్నల్ విషయంలో స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చున్నవాళ్ళు చేసింది ఆ పనే, స్క్రిప్ట్ దాని తర్వాతే వచ్చింది. ఇంటర్వ్యూలో "200 ఫైళ్ళలో ఒక లైన్ ఎలా పెడతావ్?" అని అడిగితే, "ఏఐకి చెప్తాను" అనే జవాబు ఇప్పుడు అందరి దగ్గరా ఉంది. "ముందు వాటిలో ఎన్నింటికి షబాంగ్ ఉందో చూస్తాను" అనేవాళ్ళు తక్కువ. నా పక్క సీట్లో కూర్చోవడానికి నేనైతే ఆ రెండో మనిషినే అడుగుతాను.